రైట్ సోదరుల చెల్లెలు

మా చిన్నాడు జనరల్ నాలెడ్జి పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చుని బట్టీ పడుతున్నాడు. విమానం కనిపెట్టినదెవరు? రైట్ సోదరులు. పేర్లు? విల్బర్, ఓర్విల్. కూర తరుగుతున్నదాన్ని ఊరుకోలేక, రైట్ సోదరులు మొత్తం ఎంతమందిరా అని అడిగాను. ఇద్దరు అన్నాడు ఠక్కున. కాదు, అన్నదమ్ములు నలుగురు, వాళ్ళకో చెల్లెలు కూడా ఉంది అన్నాను. వాడు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ఇందులో లేదే అమ్మా అన్నాడు.

నిజమే, పుస్తకాల్లో ఉండదు. కానీ 1909లో యూరప్, అమెరికా పత్రికలు తిరగేసిన వాళ్ళకి ఆమె ముఖం, పేరు బాగా తెలుసు. రాజులు ఆమెతో కరచాలనం చేశారు. విమానం ఎక్కి గాల్లో తిరిగిన మొదటి కొద్దిమంది ఆడవాళ్ళలో ఆమె ఒకరు. ఆమె పేరు కేథరిన్ రైట్. అన్నలు ఆకాశం వైపు చూస్తున్నంత కాలం ఇంటిని పట్టుకుని నిలబడింది. ఆఖరికి యాభై దాటాక తనకంటూ ఒక జీవితం కావాలనుకుంటే, ఎంతో ప్రేమించిన అన్నయ్యే ఆమె ముఖం చూడ్డం మానేశాడు. ఆ కథ మనలో చాలామందికి ఎక్కడో విన్నట్టే, మనింట్లోనే జరిగినట్టే ఉంటుంది.

హాథార్న్ వీధి, 7వ నంబరు ఇల్లు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్నం. అక్కడ హాథార్న్ వీధిలో ఏడో నంబరు ఇంట్లో 1874 ఆగస్టు 19న పుట్టింది కేథరిన్. చిత్రమేమిటంటే ఆమె పైవాడు ఓర్విల్ కూడా సరిగ్గా మూడేళ్ళ ముందు, 1871లో, అదే ఆగస్టు 19న పుట్టాడు. ఇద్దరికీ ఒకే పుట్టినరోజు. చిన్నప్పటి నుంచీ ఈ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక జట్టు. వాళ్ళ పైన విల్బర్, ఆ పైన రూక్లిన్, లోరిన్. పెద్దవాళ్ళిద్దరూ పెళ్ళిళ్ళు చేసుకుని వేరే కాపురాలు పెట్టారు. మిగిలినవాళ్ళు ముగ్గురు.

తండ్రి మిల్టన్ రైట్ చర్చిలో బిషప్. ఏడాదిలో చాలా నెలలు ఊళ్ళు తిరగడమే ఆయన పని. ఇంట్లో పుస్తకాలకి లోటు లేదు, పిల్లలు ఏం చదివినా అభ్యంతరం లేదు. ఒకసారి ప్రయాణం నుంచి వస్తూ ఓ బొమ్మ తెచ్చాడు. రబ్బరు చుట్టి వదిలితే గిర్రున తిరుగుతూ పైకి లేచే బొమ్మ అది. ఎగరాలన్న పిచ్చి అక్కడే మొదలైందని ఆ అన్నదమ్ములు పెద్దయ్యాక చెప్పుకునేవారు.

బొమ్మ తెచ్చింది నాన్న. మరి పాడైన బొమ్మని బాగుచేసింది? అమ్మ. తల్లి సుసాన్ బండ్లు తయారుచేసే ఆయన కూతురు. సుత్తి, రంపం వాడటం ఆమెకి చేతనైన విద్య. పిల్లలకి మంచు మీద జారే బండిని తన చేత్తోనే చేసి ఇచ్చింది. మిల్టన్ గారికి మేకు కొట్టడం కూడా రాదట. చేతిపని నేర్పు ఆ పిల్లలకి తల్లి వైపు నుంచే వచ్చింది.

ఆ తల్లికి క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. 1889 జులై 4న ఆమె పోయేనాటికి కేథరిన్‌కి పదిహేనేళ్ళు నిండలేదు. ఇంట్లో మరో ఆడమనిషి లేదు. ఇంకేముంది, ఇల్లు ఆ పిల్ల చేతికొచ్చింది. వంట, బట్టలు, వచ్చిపోయే చర్చి వాళ్ళకి మర్యాదలు, నాన్నకి ఉత్తరాలు, ఇద్దరన్నల అవసరాలు, వాటి మధ్యలో బడి.

ఇక్కడొక మంచి మాట చెప్పాలి. చాలా ఇళ్ళల్లోలా ఆ పిల్లని వంటింటికే అంకితం చెయ్యలేదు మిల్టన్. తన కాళ్ళ మీద తను నిలబడాలంటే చదువుండాలని, టీచరవ్వాలని ప్రోత్సహించాడు. 1893లో ఆమెని ఓబర్లిన్ పంపాడు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకీ డిగ్రీ చదువు చెప్పిన మొట్టమొదటి అమెరికన్ కాలేజీల్లో అది ఒకటి. 1898లో కేథరిన్ పట్టభద్రురాలైంది. విమానం కనిపెట్టిన ఆ ఇద్దరన్నలకీ హైస్కూలు సర్టిఫికెట్టయినా లేదు. ఆ ఇంటి అయిదుగురు పిల్లల్లో కాలేజీ డిగ్రీ పూర్తి చేసింది ఆడపిల్ల ఒక్కతే!

ఆమె ఓబర్లిన్‌లో ఉంటే ఇంట్లో వంటెవరు చేశారనుకుంటున్నారు? అన్నలే. వారానికొకరు వంతు. ఓర్విల్ వంతు వస్తే వారమంతా పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ అవే నాలుగు పదార్థాలు. తన వంతులో కాస్త రకరకాలుగా చేస్తానని విల్బర్ గొప్ప. ఇదంతా వాళ్ళ ఉత్తరాల్లో ఉంది.

1896లో ఓర్విల్‌కి టైఫాయిడ్ వచ్చింది. వారాల తరబడి ఒళ్ళు తెలీని జ్వరం. బతుకుతాడన్న ఆశ లేదు. కేథరిన్ కాలేజీకి వెళ్ళడం వాయిదా వేసుకుంది. తనూ విల్బరూ వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నారు. ఆ రోజుల్లోనే జర్మనీలో గ్లైడర్లతో ఎగిరే ఓటో లిలియెంతాల్ అనే ఇంజనీరు కిందపడి చనిపోయాడన్న వార్త విల్బర్ చదివాడు. తమ్ముడు లేచి కూర్చున్నాక అతనికి చెప్పాడు. మనిషి ఎగరగలడా అన్న ప్రశ్న ఆ ఇంట్లోకి గట్టిగా వచ్చి కూర్చుంది ఆ జబ్బు మంచం దగ్గరే.

రెక్కలు కుట్టిందెవరు?

డిగ్రీ చేతికొచ్చాక కేథరిన్ డేటన్‌లోనే స్టీల్ హైస్కూల్లో లాటిన్ టీచరుగా చేరింది. అన్నలకి సైకిళ్ళ షాపు. సైకిళ్ళు అమ్మడం, బాగుచెయ్యడం, తర్వాత సొంతంగా తయారుచెయ్యడం. ఇంట్లో సాయానికి 1900లో క్యారీ అనే పద్నాలుగేళ్ళ పిల్లని పనికి పెట్టుకుంది. ఆ పిల్ల ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఇంటి మనిషే అయిపోయింది.

అదే ఏడాది అన్నలు తమ మొదటి పెద్ద గ్లైడరు కట్టి, నార్త్ కరోలినాలో సముద్రం ఒడ్డున కిట్టీహాక్ అనే పల్లెకి బయల్దేరారు. గాలి బాగా వీచే చోటు, పడినా దెబ్బ తగలని ఇసుక. అక్కణ్ణించి చెల్లెలికి ఉత్తరాలు. దొరకని సరుకుల గురించీ, రాత్రుళ్ళు గుడారాన్ని ఎగరగొట్టే గాలి గురించీ, 1901లో అయితే మనుషుల్ని తినేసేటన్ని దోమల గురించీ ఓర్విల్ పేజీలకి పేజీలు రాశాడు. ఆమెని వాళ్ళు పిలిచే ముద్దుపేరు స్వెస్. జర్మన్ భాషలో చిట్టి చెల్లి అనే మాటని కుదించి పెట్టుకున్నారు. ఆ ఉత్తరాలు దాచి ఉంచబట్టే ఆ ఇసుకదిబ్బల మీద ఏం జరిగిందో ఇవాళ ఇంత వివరంగా తెలుస్తోంది.

కేథరిన్ గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. విమానం రెక్కల గుడ్డ ఆమే కుట్టిందని, అన్నల ప్రయోగాలకి తన టీచరు జీతం ధారపోసిందని. వినడానికి బాగానే ఉంటుంది కానీ రెండూ నిజం కాదు. ప్రయోగాలకి అయిన ఖర్చు నాలుగేళ్ళకీ కలిపి వెయ్యి డాలర్ల లోపు. అది సైకిళ్ళ షాపు లాభాల్లోంచి వచ్చింది. ఇక కుట్టిందెవరంటారా, అన్నలే. 1902లో ఇంట్లో కుట్టుమిషను దగ్గర విల్బర్ కూర్చుని గిరగిరా తిప్పుతుంటే, ఓర్విల్ నేలమీద గొంతుకూర్చుని ఎక్కడ కుట్టాలో గుర్తులు పెడుతున్నాడని కేథరిన్ నాన్నకి రాసింది. వీళ్ళు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందనీ రాసింది.

ఆడమనిషి సాయం చేసిందంటే కుట్టే ఉంటుందని లోకం అనుకుంటుంది కాబోలు. అసలు ఆమె చేసిన సాయాలు వేరు. 1901 వేసవిలో వాళ్ళ గ్లైడరు అనుకున్నట్టు ఎగరలేదు. లెక్క ప్రకారం రావలసినంత లేపుడు బలం రాలేదు. విల్బర్ బాగా నిరాశపడి ఇంటికొచ్చాడు. అప్పుడే ఆక్టేవ్ షనూట్ అనే పెద్ద ఇంజనీరు షికాగోలో ఇంజనీర్ల సంఘంలో మాట్లాడమని పిలిచాడు. విల్బర్ నా వల్ల కాదన్నాడు. కేథరిన్ ఊరుకోలేదు. వెళ్ళితీరాలని పోరుపెట్టి, రాజీపడేదాకా వదల్లేదు. విల్బర్‌కి బట్టల ధ్యాస తక్కువ. తమ్ముడు షోకైన మనిషి. అందుకని ఓర్విల్ చొక్కా, కాలర్లు, కోటు వేయించి సాగనంపారు. సెప్టెంబరు 18న విల్బర్ ఆ ఉపన్యాసం ఇచ్చాడు. అంతవరకు అందరూ నమ్ముతున్న గాలి లెక్కల్లో తప్పులున్నాయేమోనన్న అనుమానం పెద్దల సభలో బయటపెట్టినట్టయింది. పెట్టాక రుజువు చెయ్యక తప్పదు కదా. ఆ శీతాకాలమే అన్నదమ్ములిద్దరూ సైకిళ్ళ షాపు మేడమీద చెక్కపెట్టెలాంటి విండ్ టనెల్ ఒకటి కట్టి, ఓ పక్క నుంచి ఫ్యానుతో గాలి పంపి, వందకు పైగా చిన్న చిన్న రెక్కల నమూనాలు పరీక్షించారు. సరైన రెక్క ఏదో అక్కడ తేలింది. ఆ రోజు ఆమె పోరు పెట్టకపోతే ఏమయ్యేదో!

అన్నలు ఊళ్ళో లేనప్పుడు షాపు చూసుకునే మెకానిక్ చార్లీ టేలర్. 1903 విమానానికి ఇంజన్ చేసిపెట్టింది ఇతనే, గొప్ప పనివాడు. కానీ కేథరిన్‌కి ఇతనంటే గిట్టేది కాదు. అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడతాడని ఆమె కోపం. బడిలో లాటిన్, ఇంట్లో వంట అజమాయిషీ, షాపులో ఇతని పెత్తనం. దేనికి చిర్రెత్తుకొచ్చినా ఉత్తరంలో దాచుకునేది కాదు.

1903 డిసెంబరు 17. కిట్టీహాక్ దగ్గర కొరికే చలి, విపరీతమైన గాలి. ఓర్విల్ బోర్లా పడుకుని నడిపిన యంత్రం నేల విడిచి 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరింది. ఇంజను బలంతో మనిషిని మోస్తూ, మనిషి చెప్పుచేతల్లో ఎగిరిన మొదటి విమానం అది. ఆ రోజు నాలుగుసార్లు ఎగిరారు. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు వెళ్ళాడు.

డేటన్‌లో సాయంకాలం టెలిగ్రాం వచ్చింది. అందులో 59 సెకన్లు కాస్తా 57 అయింది, ఓర్విల్ పేరు అక్షరాలు తప్పాయి. క్యారీ అందుకుని మేడమీద మిల్టన్ గారికి ఇచ్చింది. బడి నుంచి వచ్చిన కేథరిన్ అది చదివి, రాత్రి భోజనం కాస్త ఆలస్యం చెయ్యమని క్యారీకి చెప్పి, లోరిన్ అన్నయ్య ఇంటికి పరుగెత్తింది. పత్రికలకి చెప్పు అంది. షనూట్ గారికి తనే తంతి కొట్టింది. లోరిన్ వెళ్ళి కలిసిన విలేఖరి పెదవి విరిచాడు. 57 సెకన్లేనా, 57 నిమిషాలైతే వార్త అయ్యేదని అతని ఉద్దేశం. ప్రపంచం మారిపోయిన సంగతి ఆ రాత్రి ఆ ఇంట్లో వాళ్ళకి తప్ప దాదాపు ఎవరికీ పట్టలేదు.

ఆస్పత్రిలో ఆరు వారాలు

తర్వాత అయిదేళ్ళూ విమానాన్ని మెరుగుపరచడం, కొనేవాళ్ళ కోసం వెతకడం. 1908లో ఒకేసారి రెండు చోట్ల అవకాశం వచ్చింది. విల్బర్ ఫ్రాన్సులో, ఓర్విల్ వాషింగ్టన్ పక్కన ఫోర్ట్ మయర్‌లో. ఇద్దరు మనుషుల్ని మోస్తూ గంటసేపు ఎగిరే విమానం ఇస్తే అమెరికా సైన్యం 25 వేల డాలర్లు ఇస్తుంది. సెప్టెంబర్లో ఓర్విల్ గంటకు పైగా ఎగిరి చూపించాడు. జనం వేలకి వేలు వచ్చారు.

సెప్టెంబరు 17న లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్ అనే కుర్ర అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని లేచాడు. ప్రొపెల్లర్ చీలి ఒక తీగకి తగిలింది. విమానం ముక్కు నేలకేసి దూసుకుపోయింది. సెల్‌ఫ్రిడ్జ్ ఆ రాత్రే పోయాడు. ఇంజను విమానం ప్రమాదంలో ప్రాణం పోయిన మొదటి మనిషి అతను. ఓర్విల్ ఎడమ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి.

డేటన్‌కి టెలిగ్రాం వచ్చింది. కేథరిన్ బడికి సెలవు చెప్పి, ఆ రాత్రి రైలుకే ఎక్కేసింది. మళ్ళీ ఆ బడి గుమ్మం టీచరుగా తొక్కలేదు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం అలా, ఒక్క సాయంత్రం సర్దుకున్న పెట్టెతో ముగిసింది.

సైనిక ఆస్పత్రిలో ఆరు వారాలు పైనే ఉంది. అన్నయ్యకి నొప్పితో నిద్ర లేదు, పీడకలలు. రాత్రంతా పక్కన కూర్చునేది ఆమే. పగలు చూడవచ్చే అధికారులు, ఇంజనీర్లు, విలేఖరులు. అందరితో మాట్లాడేదీ ఆమే. సైన్యంతో ఒప్పందం గడువు దాటిపోతోంది. దాన్ని పొడిగించుకునే మాటల్లో కూడా ఆమె ఉంది. గడువు తొమ్మిది నెలలు పెరిగింది. అన్నయ్యకి పక్క మార్చిన చేతులే ఆ కుటుంబం భవిష్యత్తునీ కాపాడాయి. ఫ్రాన్సులో విల్బర్ కుమిలిపోయాడు. తను అక్కడుంటే ఇలా జరిగేది కాదని. అతనికి ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాసిందీ ఆమే.

నవంబరు ఒకటిన ఓర్విల్‌ని ఇంటికి తీసుకొచ్చింది. మెల్లగా కర్రల మీద నడిపించింది. 1909 జులైలో ఓర్విల్ మళ్ళీ ఫోర్ట్ మయర్‌లో పరీక్షలు నెగ్గాడు. సైన్యం విమానం కొంది. అనుకున్న దానికంటే వేగంగా ఎగిరినందుకు అయిదు వేల డాలర్లు అదనంగా ఇచ్చింది కూడా.

రాజుల ముందు లాటిన్ టీచరు

ఈ మధ్యలో ఇంకో ముచ్చట జరిగింది. ఫ్రాన్సులో విల్బర్ పేరు మారుమోగిపోతోంది. ఒంటరిగా ఉన్నాడు. 1909 జనవరిలో ఓర్విల్, కేథరిన్ ఓడెక్కి అతని దగ్గరికి వెళ్ళారు. దక్షిణ ఫ్రాన్సులో పో అనే ఊరు. విల్బర్ అక్కడ ఫ్రెంచి వాళ్ళకి విమానం నడపడం నేర్పుతున్నాడు.

అన్నలిద్దరూ ముగ్గురు మనుషులుంటే నోరు విప్పని బాపతు. కేథరిన్ అలా కాదు. చకచకా మాట్లాడుతుంది, నవ్వుతుంది, ఎదుటివాళ్ళు ఎవరైనా బెదరదు. పొద్దున్నే ఫ్రెంచి పాఠాలు చెప్పించుకుంది. విందులకి పిలిచే గొప్పవాళ్ళతో, వెంటపడే విలేఖరులతో అన్నల తరఫున ఆమే మాట్లాడింది. ఫిబ్రవరిలో స్పెయిన్ రాజు అల్ఫాన్సో వచ్చాడు. విమానంలో కూర్చుని చూశాడు కానీ, ఎగరనని భార్యకి మాటిచ్చాడట, అందుకని ఎగరలేదు. మార్చిలో ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ వచ్చాడు. బడిలో పిల్లలకి లాటిన్ ధాతువులు వల్లెవేయించిన టీచరమ్మ ఏ బెరుకూ లేకుండా రాజులతో మాట్లాడుతుంటే పత్రికల వాళ్ళకి ఆమె మీదే కళ్ళు.

ఫిబ్రవరి 15న, రాజు రాకముందే, ఆమె ఎగిరింది. విల్బర్ పక్క సీట్లో కూర్చుంది. గాలికి పావడా ఎగిరిపోకుండా కాళ్ళ చుట్టూ తాడుతో కట్టారు. ఏడు నిమిషాలు. కింద జనం, దూరంగా మంచుకొండలు. అన్నలు ఎగరడం మొదలుపెట్టి అప్పటికి అయిదేళ్ళు దాటింది. ఆ ఇంట్లో ఎగరడమే లోకంగా బతికిన మనిషికి ఎగిరే వంతు అప్పటికి వచ్చింది.

తిరిగొచ్చాక అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ శ్వేతభవనంలో అన్నలకి పతకాలు ఇచ్చినప్పుడు ఆమె పక్కనుంది. డేటన్ ఊరు ఊరంతా రెండు రోజులు పండగ చేసింది. 1910లో ఎనభై ఒక్కేళ్ళ తండ్రిని ఓర్విల్ విమానంలో ఎక్కించుకుంటే, ఆ ముసలాయన ఇంకా పైకి, ఇంకా పైకి అని హుషారు చేశాడు.

కొండ మీది ఇల్లు

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. పేటెంటు వ్యాజ్యాలతో తిరిగి తిరిగి అలసిపోయిన విల్బర్‌కి టైఫాయిడ్ వచ్చింది. 1912 మే 30న పోయాడు. నలభై అయిదేళ్ళు. వీలునామాలో తోబుట్టువులు ముగ్గురికీ, అన్నలతో సమానంగా కేథరిన్‌కీ, తలో 50 వేల డాలర్లు రాశాడు. మిగతా ఆస్తి ఓర్విల్‌కి. ఆడపిల్లకి సమాన వాటా అనేది 1912 నాటి మాట సుమండీ.

1914లో నాన్న, ఓర్విల్, కేథరిన్ ఊరి శివార్లలో హాథార్న్ హిల్ అనే పెద్ద ఇంట్లోకి మారారు. తెల్లటి స్తంభాల మేడ. ఇల్లాలి స్థానం కేథరిన్‌ది. అదే ఏడాది అక్టోబర్లో డేటన్ వీధుల్లో స్త్రీలకి ఓటు హక్కు కావాలని ఊరేగింపు జరిగింది. కేథరిన్ ముందుండి నడిచింది. ఆమెతో పాటు ఎనభై అయిదేళ్ళ మిల్టన్ గారూ, జనంలోకి రావడమంటేనే సిగ్గుపడే ఓర్విల్ కూడా నడిచారు. ఆ ఏడాది ఒహాయో మగ ఓటర్లు ఆ హక్కుని కాదన్నారు. అది వచ్చింది 1920లో.

1917లో తండ్రి పోయాడు. పెద్ద ఇంట్లో అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. ఓర్విల్ పెళ్ళి చేసుకోలేదు. విమానం ముందు ఎవరు ఎగరేశారన్న గొడవల్లో స్మిత్సోనియన్ సంస్థతో పోట్లాట, నడుము నొప్పి, మౌనం. ఆయనకి లోకంతో మాట్లాడే నోరు కేథరిన్. వచ్చిన ఉత్తరాలు, అతిథులు, భోజనాలు, ఆయన అలకలు, అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. 1920లలో ఓబర్లిన్ కాలేజీ ఆమెని తన ధర్మకర్తల మండలిలోకి తీసుకుంది. తను చదువుకున్న చోటికి పెద్దరికంతో వెళ్ళడం ఆమెకి మహా గర్వం.

యాభై రెండేళ్ళకు పెళ్ళి

హెన్రీ హాస్కెల్ ఓబర్లిన్‌లో ఆమె తోటి విద్యార్థి. తర్వాత కాన్సాస్ సిటీ స్టార్ పత్రికలో సంపాదకుడయ్యాడు. రైట్ ఇంటికి స్నేహితుడు, ఓర్విల్ కూడా ఆదరించే మనిషి. 1923లో అతని భార్య చనిపోయింది. ఓదార్పు ఉత్తరాలతో మొదలై, పాత స్నేహం మెల్లగా రంగు మారింది. 1925లో అతను తన మనసు బయటపెట్టాడు. ఆమెకి యాభై దాటింది. ముందు కంగారుపడింది. తర్వాత, తనక్కూడా అతనంటే ఇష్టమని తెలుసుకుంది. అప్పుడామె అతనికి రాసిన ఉత్తరాలు చాలా మిగిలి ఉన్నాయి. పదిహేనేళ్ళ వయసు నుంచీ ఇంటి బరువు మోసిన మనిషి, ఆ వయసులో మొదటిసారి తన గురించి తను రాసుకుంటున్నట్టుంటాయి.

ఆమె భయమంతా ఒకటే. ఓర్విల్‌కి ఎలా చెప్పడం? తను వెళ్ళిపోతే ఆయనకెవరున్నారు? నెలల తరబడి చెప్పలేకపోయింది. ఫోర్ట్ మయర్‌లో అన్నయ్య పక్కలో మెలకువగా గడిపిన రాత్రుళ్ళకంటే ఈ రాత్రుళ్ళు కష్టమై ఉంటాయి. విషయం తెలిసిన నాటి నుంచీ ఓర్విల్ ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. తనని వదిలేసి పోతోందని, మాట తప్పిందని ఆయన బాధ. ఏ మాట? ఎవరిచ్చారు? ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ముగ్గురం ఎప్పటికీ ఇలాగే ఉంటామని ఎవరూ పైకి అనకుండానే కుదిరిన ఒప్పందం కాబోలు అది. అలాంటి ఒప్పందాలు అన్ని ఇళ్ళల్లోనూ ఉంటాయి. వాటి మీద సంతకం మాత్రం ఎప్పుడూ ఆడపిల్లదే.

1926 నవంబరు 20న ఓబర్లిన్‌లో, స్నేహితుల మధ్య, కేథరిన్ హాస్కెల్‌ని పెళ్ళి చేసుకుంది. పుట్టింటి నుంచి పెళ్ళి జరగలేదు. ఓర్విల్ రాలేదు. ఇండియానా, ఇల్లినాయ్ దాటి కాన్సాస్ సిటీలో కాపురం పెట్టింది. భర్తతో సంతోషంగానే ఉంది. కానీ అన్నయ్య మనసు మారుతుందేమోనని ఎదురుచూస్తూనే ఉంది. మారలేదు. ఆగస్టు 19లు రెండు వచ్చి వెళ్ళాయి. ఇద్దరి పుట్టినరోజూ అదే కదా.

1929 మొదట్లో భార్యాభర్తలు యూరప్ ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. లాటిన్ పాఠాలు చెప్పిన మనిషి, ఇటలీ, గ్రీసు తీరిగ్గా చూడాలని ఎంత ఉబలాటపడిందో. ఇంతలో న్యుమోనియా వచ్చింది. పెన్సిలిన్ ఇంకా మందుగా రాని రోజులు. కబురు డేటన్‌కి వెళ్ళింది. అప్పటికీ ఓర్విల్ మొండికేశాడు. లోరిన్ అన్నయ్య కూర్చోబెట్టి నచ్చజెప్పాడు, వెళ్ళు, వెళ్ళకపోతే బతికున్నన్నాళ్ళూ బాధపడతావని. వెళ్ళాడు. అన్నయ్య ప్రమాదం వార్త విని ఆమె ఆ రాత్రి రైలే ఎక్కింది. ఆమె జబ్బు వార్త విన్న అన్నయ్య చేరేసరికి చివరి ఘడియలు. మార్చి 3న కేథరిన్ కన్నుమూసింది. యాభై నాలుగేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళ మూడు నెలలు.

ఆమెని డేటన్ తీసుకొచ్చి, ఉడ్‌లాండ్ శ్మశానంలో అమ్మా నాన్నా విల్బర్ పక్కన సమాధి చేశారు. ఓర్విల్ ఆ కొండ మీది ఇంట్లో మరో పంతొమ్మిదేళ్ళు బతికి 1948 జనవరి 30న పోయాడు. ఆయన సమాధీ అక్కడే.

హాస్కెల్ ఓబర్లిన్ కాలేజీ మ్యూజియం ముందు ఆమె పేరు మీద ఒక ఫౌంటెన్ కట్టించాడు. డాల్ఫిన్‌ని ఎత్తుకున్న చిన్న పిల్లాడి బొమ్మ, ఇటలీ శిల్పి వెరోకియో చేసిన దానికి నకలు. ఆమె చూడాలనుకున్న ఇటలీలోంచి ఒక ముక్క ఆమె చదువుకున్న చోటికి వచ్చింది.

ఓర్విల్‌ని తిట్టాలని కాదు ఇదంతా రాసింది. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలి ఓటు కోసం వీధిలో నడిచిన అన్న. ఆడవాళ్ళకి హక్కు ఉండాలని ఒప్పుకున్న ఆ మంచి మనిషే, తనింటి ఆడమనిషి ఆ హక్కుని తన కోసం వాడుకుంటే తట్టుకోలేకపోయాడు. ఊరేగింపులో నడవడం తేలిక. తన పళ్ళెంలో అన్నం ఎవరు వడ్డిస్తారన్న దగ్గరే కష్టం.

రాత్రి మావాడు మళ్ళీ పుస్తకం తెచ్చాడు. పరీక్షలో చెల్లెలి పేరు రాస్తే మార్కు ఇస్తారా అని అడిగాడు. ఇవ్వరురా, నువ్వు ఇద్దరి పేర్లే రాయి అన్నాను. కాసేపాగి, అక్క కూడా అంతేనా, మనతోనే ఎప్పటికీ ఉండిపోతుందా అని అడిగాడు. పక్క గదిలో మా అమ్మాయి చదువుకుంటోంది. దానికెక్కడికి వెళ్ళాలని ఉంటే అక్కడికి వెళ్తుంది, అప్పుడు స్టేషనుకి పెట్టె మోసుకొచ్చేది నువ్వే అని చెప్పాను.